ఆపరేషన్ ఖాళీ డబ్బా

విశ్వకర్మ పూజ రోజు పొద్దున్న తొమ్మిదింటికి, రాంచీకి దగ్గర్లోని ఉక్కు ఊళ్ళో, కాసిడీహ్ మార్కెట్లో కచోరీ కొట్టు వెనక బెంచీ మీద ఒక పంతులుగారు కూర్చుని ఉన్నారు. పట్టుపంచె, నుదుట గంధం, పక్కన పూజ సంచి. జంధ్యం సొంతదే, పంతులుతనం మాత్రం అద్దెది. ఆయన పేరు సూర్యప్రకాష్. ఢిల్లీలో బోర్డు లేని ఒక ఆఫీసుకి తూర్పు విభాగం చీఫ్.

ముప్పై ఎనిమిదేళ్ళ మనిషొకడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"కాలీమాటి రోడ్డులో లిట్టీ దొరుకుతుందా, పంతులుగారూ?"

"లిట్టీ అయిపోయింది. ధుస్కా ఉంది."

కోడ్ కలిసింది. వచ్చినవాడు ఏజెంట్ అగస్టిన్. పుట్టింది, పెరిగింది ఇక్కడే, బర్మామైన్స్ సందుల్లో. తండ్రి లేత్ ఆపరేటర్, తల్లి చర్చి క్వయర్‌లో పాడేది. ఏడాది కిందటి వరకూ డిపార్ట్‌మెంట్‌లో సర్వర్లు చూసుకునే మనిషి. ఆ తరవాత అతన్ని ఎవరూ ఏ సర్వరూ ముట్టుకోనివ్వలేదు. అతను అడగనూ లేదు.

"టార్గెట్ లంగర్ ముఠా," అన్నారు చీఫ్, కచోరీ తుంచుతూ. "విదేశీ గ్యాంగ్. పైనుంచి నడిపేవాడి పేరు కమడోర్. వాళ్ళ గురించి మనకి సమాచారం ఇచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో పదిహేడు మంది. ఆ పదిహేడు పేర్లూ, ఇళ్ళ అడ్రసులూ వాళ్ళకి దొరికిపోయాయి."

అగస్టిన్ తన ముందున్న ప్లేటు పక్కకి జరిపాడు.

"జాబితా ఇప్పుడు ఒక్క లాప్‌టాప్‌లోనే ఉంది. బర్మామైన్స్‌లో కాంతమ్మ గారనే ఆవిడ ఇంట్లో, మేడ మీద. కమడోర్‌కి ఎవరిమీదా నమ్మకం లేదు. ఎప్పుడూ ఒకటే కాపీ ఉండాలంటాడు. ఈరోజు నాలుగింటికి దాన్ని విదేశంలో సర్వర్లు అద్దెకిచ్చే ఒక క్లౌడ్ హోస్ట్ మీదికి ఎక్కిస్తారు. ఎక్కగానే లాప్‌టాప్ డిస్క్ పగలగొట్టేస్తారు. నాలుగున్నరకి మూడు జట్లు క్లౌడ్‌లోంచి తలొక అడ్రస్ తీసుకుని బయల్దేరతాయి."

"రెయిడ్ చేస్తే?"

"తలుపు తట్టామంటే అక్కడ కూర్చున్న సౌరభ్ జాబితా మొత్తం జట్లకి నేరుగా పంపేస్తాడు. వాడి చేతిలో కాపీ ఉన్నంతసేపూ మనం లోపలికి పోలేం. ఎక్కించడానికి రాంచీ నుంచి ఒక టెక్నీషియన్‌ని మాట్లాడుకున్నారు. రాజ్‌కిరణ్. పాపం, అతనికి దారిలో కడుపు నొప్పి వచ్చింది." చీఫ్ చేతులు తుడుచుకున్నారు. "ఇప్పట్నుంచి రాజ్‌కిరణ్‌వి నువ్వే."

అగస్టిన్‌కి అర్థమైపోయింది. అయినా అడిగాడు.

"నేనే ఎందుకు సార్?"

"జాబితా క్లౌడ్‌లోకి ఎక్కినట్టు కనిపించాలి. వాళ్ళ డిస్క్ వాళ్ళే పగలగొట్టుకోవాలి. ఆ తరవాత క్లౌడ్‌లో ఏమీ మిగలకూడదు. పోయినేడు నువ్వు పొరపాటున చేసిన పని ఈరోజు తెలిసి చెయ్యాలి. ఆ పొరపాటు నీకు తెలిసినంత బాగా మన డిపార్ట్‌మెంట్‌లో ఎవడికీ తెలీదు."

కొట్టినా బావుండేది.

ఆ పొరపాటేమిటో మీకూ చెప్పాలి. సర్వర్ ప్రోగ్రాంని కంటైనర్‌లో పెట్టి నడుపుతారు. కంటైనర్ అంటే డబ్బా అనుకోండి. డబ్బా నడుస్తున్నంతసేపూ దాన్లో రాసిందంతా ఉంటుంది. ఆగి మళ్ళీ మొదలైందా, కొత్త డబ్బా వస్తుంది, ఖాళీగా. అందుకని పోకూడని డేటాకి వాల్యూం అని బయట ఒక డిస్క్ తగిలిస్తారు. తగిలించాల్సింది డేటాబేస్ ఏ ఫోల్డర్‌లో రాస్తుందో ఆ ఫోల్డర్‌కి. పోయినేడు ఇన్‌ఫార్మర్ల మెసేజీలు వచ్చే సర్వర్ పెడుతూ అగస్టిన్ పక్క ఫోల్డర్‌కి తగిలించాడు. అంతే. అన్నీ పచ్చగా వెలిగాయి, అందరూ భేష్ అన్నారు. మర్నాడు పొద్దున్న ఆరూ పదికి చందు అనే ఇన్‌ఫార్మర్ ఒక మెసేజ్ పంపాడు. ఆరూ నలభైకి హోస్ట్ తన అప్‌డేట్ కోసం డబ్బాని ఆపి మళ్ళీ మొదలెట్టింది. ఏడింటికి డ్యూటీ ఆఫీసర్ వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. ఒక మెసేజ్ వచ్చిందనీ, అది రెండొందల పన్నెండు బైట్లనీ లాగ్‌లో ఒక్క లైను మిగిలింది. మూడో రోజున చందు ఖర్కాయి నదిలో దొరికాడు.

"ఇంకోటి," అన్నారు చీఫ్ లేస్తూ. "లోపల ప్రిస్సీ అని ఒకమ్మాయి ఉంటుంది. లంగర్‌లో పని చేస్తుంది. ఆర్నెల్లుగా మనకీ సమాచారం ఇస్తోంది. మనదో వాళ్ళదో నాకు తెలీదు. బహుశా ఆ అమ్మాయికీ తెలీదు. చందు చెల్లెలు."

*

మూడింటికి బర్మామైన్స్ సందు మైకులతో మోగిపోతోంది. వెల్డింగ్ షాపులూ, ఆటో గరాజులూ అన్నీ మూతే. రెంచీలూ, సుత్తులూ కడిగి బొట్లు పెట్టి దేవుడి ముందు పరిచారు. ఈ ఊళ్ళో ఈ ఒక్కరోజు పనిముట్టుకి సెలవు. ఆగున్న మెషిన్ని కదపరు, నడుస్తున్నదాన్ని ఆపరు.

కాంతమ్మ ఇంటి ముందు షామియానా కింద సూర్యప్రకాష్ గారు గొంతెత్తి మంత్రాలు చదువుతున్నారు. డోలు వాయిస్తున్న నలుగురూ ఆయన మనుషులే. అగస్టిన్ కాలర్ బొత్తంలో మైకు ఉంది, పంతులుగారి చెవిలో పువ్వు వెనక ఇయర్‌పీస్ ఉంది. ఏ మంత్రం ఎక్కడ ఆగిపోయిందో ఆ దేవుడికే తెలియాలి.

మేడ మీద తలుపు తీసింది ప్రిస్సీ. మెరూన్ సిల్కు చీర, నల్ల కళ్ళద్దాలు, చేతిలో చిన్న హ్యాండ్‌బ్యాగు. సందులో కుర్రకారంతా దేవుణ్ణి వదిలేసి ఈ మేడ వైపే ఎందుకు చూస్తున్నారో అగస్టిన్‌కి అప్పుడర్థమైంది. కానీ అతనికి కనిపించింది అందం కాదు. ఆ చుబుకం, కనుబొమలు అచ్చం చందువే. ఫైల్లో ఫొటో రోజూ చూసినవాడికి ఆ మాత్రం తెలీదా?

"కాలీమాటి రోడ్‌పే లిట్టీ మిలేగా, మేడమ్?"

"లిట్టీ ఖతం. ధుస్కా హై."

జవాబు సరైనదే. మొహంలో మాత్రం ఏమీ లేదు.

లోపల సౌరభ్ టేబుల్ ముందు కూర్చుని ఉన్నాడు. బక్కపల్చటి మనిషి. కుడిచేతి బొటనవేలు లాప్‌టాప్ మీద ఒక మీట దగ్గరే ఉంది. తలుపు తడితే నొక్కే మీట అదే కాబోలు.

"బైఠో. చెక్‌లిస్ట్ మే నౌ ఐటమ్ హై. ఏక్ భీ గడ్‌బడ్ నహీ చాహియే." తొమ్మిది అంశాలు, ఒక్కదాన్లోనూ తేడా రాకూడదట.

ఇంటావిడ కాంతమ్మ గాజుగ్లాసులో టీ తెచ్చి అగస్టిన్ చేతికిచ్చింది. అరవయ్యేళ్ళావిడ, శ్రీకాకుళం నుంచి కోడలిగా వచ్చి నలభయ్యేళ్ళయినా యాస అక్కడిదే. మేడ మీద వీళ్ళు ట్యూషన్ సెంటర్ పెడతన్నారని పాపం ఆవిడ నమ్మకం.

"అబ్బా!" అన్నాడు అగస్టిన్, గ్లాసు చేతులు మార్చుకుంటూ.

చెయ్యి కాలితే మనిషి సొంత భాషలోనే అరుస్తాడు. ప్రిస్సీ కళ్ళద్దాలు ఒక్క క్షణం ఇటు తిరిగాయి. సౌరభ్ గమనించలేదు.

అగస్టిన్ తను తెచ్చుకున్న కంప్యూటర్ తెరిచి పనిలోకి దిగాడు. డబ్బాలో పెట్టే ప్రోగ్రాం అప్‌లోడ్. డేటాబేస్ సర్వీస్. పది జీబీ వాల్యూం. తగిలించాల్సిన ఫోల్డర్ పేరు దగ్గరికి వచ్చేసరికి వేళ్ళు ఆగాయి. ఏడాదిగా ఆ పేరు అతనికి గడ్డం గీసుకునేటప్పుడు కూడా గుర్తొస్తూనే ఉంది. ఇప్పుడు కళ్ళు తెరుచుకుని అదే తప్పు పేరు కొట్టాడు. ఆ కింద హెల్త్ చెక్ అని ఒక లైను. ప్రోగ్రాం బానే ఉందా అని హోస్ట్ నిమిషానికోసారి అడుగుతుంది. అగస్టిన్ పెట్టిన ప్రోగ్రాం ఇరవై నిమిషాలు "బానే ఉన్నాను" అంటుంది. ఇరవై ఒకటోసారి జవాబివ్వదు. జవాబు రాకపోతే హోస్ట్ తనంతట తనే డబ్బాని రీస్టార్ట్ చేస్తుంది. అప్పటికి లాప్‌టాప్ డిస్క్ ముక్కలై ఉండాలి.

నాలుగు గంటలు. డిప్లాయ్ నొక్కాడు, డబ్బా నడవడం మొదలెట్టింది. పచ్చ దీపం. సౌరభ్ లాప్‌టాప్‌లోంచి జాబితా ఎక్కింది. స్క్రీన్ మీద పదిహేడు వరసలు.

"హో గయా," అన్నాడు అగస్టిన్.

కింద నుంచి కాంతమ్మ కేక వేసింది. "సౌరభూ! హారతి అయిపోతంది. రావేటి? మీ అమ్మ బతికుంటే ఇలాగే కూకునేవోడివా?"

సౌరభ్ తటపటాయించాడు. దేవుడికి భయపడ్డాడో, కాంతమ్మకి భయపడ్డాడో, లేచాడు. లాప్‌టాప్ మూసి చంకలో పెట్టుకుని, "ప్రిస్సీ, పూరా కాన్ఫిగ్ చెక్ కర్ లే," అని సెట్టింగులన్నీ చూడమని చెప్పి మెట్లు దిగాడు.

తలుపు మూసుకుంది. ప్రిస్సీ అగస్టిన్ తెరిచిన పేజీ ముందుకి వచ్చి కూర్చుంది. పైనుంచి కిందకి చదివింది. ఒక లైను దగ్గర ఆగింది. హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న పిస్టల్ బయటికొచ్చింది.

"తెలుగోడివే కదా," అంది. "వాల్యూం వేరే ఫోల్డర్‌కి తగిలించావు. కావాలనే తగిలించావు. డిపార్ట్‌మెంటోడివి."

"అవును."

"సౌరభ్‌ని పిలిచానంటే నీ పని అయిపోద్ది. పిలవకుండా ఉండడానికి ఒక్క కారణం చెప్పు. పదిహేడు మందని చెప్పకు. మా అన్న ఒక్కడే. ఆడు మిమ్మల్ని రమ్మని మెసేజ్ పెట్టాడు. మీరు చదివారు, చదివి ఊరుకున్నారు. సౌరభ్ నాకంతా చెప్పాడు."

ఇక్కడ అగస్టిన్‌కి ఒక దారి ఉంది. సౌరభ్ అబద్ధం చెప్పాడనొచ్చు, మీ అన్నని చంపింది వీళ్ళేననొచ్చు. రెండూ నిజాలే. ట్రైనింగ్‌లో నేర్పింది కూడా అదే. కానీ ఆ కనుబొమల కింద నల్ల కళ్ళద్దాలు అతని వైపే తిరిగి ఉన్నాయి. ఏడాదిగా లోపల కుళ్ళుతున్నది ఇంక అతని వశంలో లేదు.

"ఎవరూ చదవలేదు," అన్నాడు. "చదవకముందే పోయింది. పోగొట్టింది నేను."

పిస్టల్ కదల్లేదు.

"ఇదే ఫోల్డర్. ఇదే తప్పు. అప్పుడు తెలీక చేశాను. రీస్టార్ట్ చేసి చూసుకోవాలి, రెండు నిమిషాల పని, చూస్తే అప్పుడే బయటపడేది. ఆవేళ కూడా విశ్వకర్మ పూజే. మాది చర్చి కుటుంబమే, అయినా ఈ సందులో పెరిగాను. మా నాన్న ఈరోజున నడుస్తున్న మెషిన్ ఆపనిచ్చేవాడు కాదు. నాకు చెయ్యి రాలేదు. రేపు చూద్దాంలే అనుకున్నాను. మీ అన్న రేపటిదాకా ఆగలేదు."

"అంతేనా?" అంది ప్రిస్సీ. "అంతేనా? నేను ఏడాదిగా... ఎవడో పెద్దోడు కుర్చీలో కూకుని మా అన్నని వదిలేశాడని... ఒక్కొక్కణ్ణీ చంపాలని..." ఆమె కళ్ళద్దాలు తీసేసింది. "పూజని చెప్పి ఊరుకున్నావా? సిగ్గు లేదూ?"

"ఉంది," అన్నాడు అగస్టిన్. "కాల్చాలంటే కాల్చు. కానీ నాలుగూ ఇరవై దాటాక కాల్చు. పేర్లు పోతాయి."

మెట్ల మీద అడుగుల చప్పుడు. పిస్టల్ చీర కొంగు వెనక్కి పోయింది. సౌరభ్ నుదుటి మీద బొట్టుతో, ఒక చేతిలో ప్రసాదంతో, ఇంకో చేతిలో చెక్‌లిస్ట్‌తో వచ్చాడు. గడియారం నాలుగూ పదకొండు.

"ఐటమ్ సిక్స్," అన్నాడు. "రీస్టార్ట్ టెస్ట్. డబ్బా బంద్ కరో, ఫిర్ చాలూ కరో. డేటా రెహనా చాహియే."

కమడోర్ ఎవడో గానీ పని తెలిసినవాడు. ఇప్పుడు రీస్టార్ట్ చేస్తే పదిహేడు వరసలూ సున్నా అయిపోతాయి, లాప్‌టాప్ ఇంకా సౌరభ్ చంకలోనే ఉంది. మీట నొక్కడానికి ఒక్క సెకను చాలు. అగస్టిన్ మౌస్ పట్టుకుని ప్రిస్సీ వైపు చూడలేక స్క్రీన్ వైపు చూశాడు.

"సౌరభ్," అంది ప్రిస్సీ, మెల్లగా, హిందీలో. "ఈరోజే ఆపుతావా? నడుస్తున్నదాన్ని?"

సౌరభ్ చెయ్యి ఆగింది.

"మీ నాన్నకి చెయ్యి పోయింది ఏ రోజున? నువ్వే చెప్పావు కదా. రోలింగ్ మిల్లులో పూజ రోజున మెషిన్ ఆపించారని. బొట్టు ఇంకా తడిగా ఉంది నీ మొహాన. కాన్ఫిగ్ నేను చూశాను, అంతా సరిగ్గానే ఉంది. రీస్టార్ట్ రేపు చేసుకోవచ్చు."

అగస్టిన్ చెప్పుకున్న నేరాన్నే తీసుకుని, మాట మార్చకుండా, ఆమె అతని ముందే వాడింది. పదిహేడు ఇళ్ళ కోసమే వాడింది. ప్రతి మాటా అతనికి తగలాల్సిన చోటే తగిలింది.

సౌరభ్ నుదురు తడుముకున్నాడు. బర్మామైన్స్ నీళ్ళు తాగినవాడు కదా! ఐటమ్ సిక్స్ పక్కన టిక్కు పెట్టేశాడు.

"ఠీక్ హై. డిస్క్ తోడ్‌తే హై."

లాప్‌టాప్ అడుగు మరలు విప్పి వేలెడంత డిస్క్ బయటికి లాగాడు. పగలగొట్టడానికి సుత్తి కావాలి. కిందకి పరిగెత్తాడు. మైకులో కాంతమ్మ గొంతు సందంతా వినిపించింది.

"సుత్తి ఎత్తుకెల్తావేటి? దేవుడి ముందున్నదాన్నా? ఈవేళ సుత్తి ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిగిపోద్ది! పంతులుగారూ, సూడండి ఈడి ఎవ్వారం!"

పంతులుగారి ప్రాణం మీదికొచ్చింది. శాస్త్రం ప్రకారం వద్దనాలి, డ్యూటీ ప్రకారం ఇమ్మనాలి. ఆయన గట్టిగా గంట వాయించి ఊరుకున్నారు.

సౌరభ్ ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. నాలుగూ పదహారు. రొప్పుతూ డిస్క్‌ని చేతుల్తో విరవబోయాడు, విరగలేదు. నాలుగూ పదిహేడు. "కల్ తోడేంగే," అంటూ పని రేపటికి వాయిదా వేసి దాన్ని జేబులో వేసుకోబోయాడు.

"ఇటివ్వు," అంది ప్రిస్సీ. డిస్క్ లాక్కుని గుమ్మం రాయి మీద పెట్టింది. చీర కొంగు వెనక నుంచి పిస్టల్ తీసి, తిరగేసి పట్టుకుంది. "దీనికి ఎవరూ పూజ చెయ్యలేదుగా."

ఒక దెబ్బ. రెండు. పదో దెబ్బకి కూడా ఆమె ఆగలేదు. సౌరభ్ నవ్వుతున్నాడు. ఆమె ఏడుస్తోందని అతనికి తెలీలేదు. అగస్టిన్‌కి తెలిసింది. ఆ దెబ్బలు ఎవరికి తగలాల్సినవో కూడా తెలిసింది.

నాలుగూ ఇరవై. హోస్ట్ అడిగింది. డబ్బా జవాబివ్వలేదు. స్క్రీన్ మీద పచ్చ దీపం పసుపైంది, ఎర్రదైంది, మళ్ళీ పచ్చబడింది. పదిహేడు వరసలున్న చోట సున్నా.

నాలుగూ ఇరవై రెండుకి సౌరభ్ ఫోన్ మోగింది. అవతల నుంచి కమడోర్ అరుపు గదంతా వినిపించింది. సౌరభ్ స్క్రీన్ చూశాడు, గుమ్మం దగ్గర పొడి చూశాడు, ప్రిస్సీ చేతిలో పిస్టల్ ఇప్పుడు ఎటు తిరిగి ఉందో చూశాడు. అప్పటికే నలుగురు డోలు వాళ్ళు మెట్లెక్కి వచ్చేశారు. వెనకే పంచె ఎగ్గట్టుకుని పంతులుగారు.

"హారతి తీసుకున్నావు కదా, నాయనా," అన్నారు సూర్యప్రకాష్ గారు బేడీలు వేస్తూ. "ఇంక పద."

జట్లు మూడింటినీ మానగో వంతెన దగ్గర, అడ్రసుల కోసం ఫోన్లు రిఫ్రెష్ చేసుకుంటూ ఉండగా పట్టుకున్నారు. పదిహేడు ఇళ్ళలో ఎవరికీ ఏమీ తెలీదు. ఆ సాయంత్రం వాళ్ళంతా లడ్డూలు తిన్నారు.

మెట్ల దగ్గర ప్రిస్సీ అగస్టిన్‌ని ఆపింది.

"నిన్ను కాల్చలేదని మంచోడివైపోయావనుకోకు. రేపు పొద్దున్న సోనారి రా. అమ్మకి నువ్వే చెప్పాలి. నాకు చెప్పినట్టే చెప్పు, ఒక్క మాట తగ్గించకుండా."

*

చందు తల్లి విమలకుమారి బడిపంతులమ్మగా రిటైరైన మనిషి. సోనారిలో రెండు గదుల ఇల్లు. అగస్టిన్ కుర్చీలో కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. వాల్యూం సంగతి, పక్క ఫోల్డర్ సంగతి, చూడకుండా వదిలేసిన రెండు నిమిషాల సంగతి. ప్రిస్సీ గోడకానుకుని వింది.

అంతా విన్నాక ఆవిడ ఒక్కటే అడిగింది.

"ఏటి రాసాడు బాబూ, ఆడు?"

"తెలీదమ్మా. అది కూడా పోయింది." అన్నాడు అగస్టిన్. "ఎంత పెద్దదో మాత్రం తెలుసు. ఓ పది మాటలుంటాయి."

"పది మాటలా?" ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకెప్పుడూ తిన్నానమ్మా అని ఒక్క ముక్కే రాసేవోడు. పది మాటలు రాసాడంటే, అంత బయపడ్డాడన్నమాట."

అగస్టిన్ మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చాడు. ఏడాదిలో అదే మొదటిసారి. ఎవరూ లేపలేదు, ఓదార్చలేదు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు చేతిలో కంచం ఉంది. వేడన్నం, ఎండ్రొయ్యలు వేసి వండిన వంకాయ కూర.

"చెమించేసాననుకోకు. అది నా వల్ల కాదు. ఒచ్చి నోటితో చెప్పావు, అందుకే పెడతన్నాను. కూకుని తినెల్లు. ఒక్క మెతుకు వదిలినా ఊరుకోను."

లంగర్ ముఠాని ఇరవై నిమిషాల్లో మట్టి కరిపించిన ఏజెంటుకి ఆ ఒక్క కంచం ఖాళీ చెయ్యడానికి ముప్పావుగంట పట్టింది. రిపోర్టులో సూర్యప్రకాష్ గారు ఆ ముప్పావుగంటని ప్రమాదకరమైన ఫీల్డ్ డ్యూటీ కింద రాసుకున్నారు.